మూడోసారి తనిఖీ

“ఇంకోపాలి సూడండక్కా,” అంది హేమ, చాపిన చేతులు దించకుండానే.

సోనారి విమానాశ్రయంలో తెర చాటున ఆడవాళ్లను తనిఖీ చేసే దేవికి అనుమానం వచ్చింది. కోల్‌కతా విమానానికి అందరూ తొందరపడుతుంటే, ఈ పిల్ల మూడోసారి చూడమంటోంది.

“ఏటి దాసినావు?” గొంతు తగ్గించి అడిగింది.

“హేమా! కిత్నీ దేర్?” ఇంకా ఎంతసేపని తెర అవతల నుంచి భర్త జయప్రకాష్ అరిచాడు. హేమ ఉలిక్కిపడింది.

“ఏటీ దాయలేదక్కా. బాత్రూం తలుపు కూడా ఏసుకోనివ్వడు. పెళ్లయిన మూడు నెలల్లో ఆయన కంటికి కనబడకుండా నిలబడింది ఇక్కడే.”

దేవి చేతిలోని తనిఖీ యంత్రం కిందికి దిగిపోయింది.

“మీ అమ్మోల్లు?”

“ఈ ఊర్లోనే, బర్మామైన్స్‌లో. ఫోన్ సెయ్యనివ్వడు.”

“ఇమానం ఎక్కాలనుందా?”

హేమ తల అడ్డంగా ఊపింది.

దేవి తన ఫోను ఆమె చేతిలో పెట్టి, మహిళా పోలీసును పంపమని వాకీటాకీలో చెప్పింది. ఇంతలో జయప్రకాష్ తెర లాగబోయాడు. దేవి బయటికొచ్చి, లోపల ఆడవాళ్లున్నారు, మగాళ్లు రాకూడదంటూ అడ్డంగా నిలబడింది.

“అందర్ లేడీస్ హై. మర్ద్ నహీ ఆయేగా. రూల్ హై.”

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

లోపలి నుంచి, “అమ్మా, నానే,” అని హేమ గొంతు వినిపించింది.