నిలబెట్టి తీసిన ఫిల్ము

“మనుషుల మెడలంటే మీకు సొరకాయల్లెక్క కనిపిస్తున్నయా? మొన్న ముంగట చిన్న కోత అన్నరు. ఇయ్యాల ఎనక సుత కోస్తమంటున్నరు. రేపు తలకాయ తీసి పక్కన పెడతమంటరా?”

అనసూయమ్మ గొంతుకు వరండా అంతా ఇటు తిరిగింది. డాక్టర్ ఇంద్రజ ఫైలు మూసి, మళ్లీ తెరిచింది. ఎదురుగా స్టూలు మీద సోమయ్య మెడకు పట్టీతో, గొడవ తన గురించి కాదన్నట్టు కూర్చున్నాడు.

“జెర మెల్లగ మాట్లాడు” అన్నాడు భార్యతో.

“మెల్లగ మాట్లాడితే ఈ దవాఖానల ఎవ్వలికీ ఇనబడది. నువ్వు నోర్ముయ్.”

సోమయ్యా, తమ్ముడు తిరుమల్ పాతికేళ్లుగా సికింద్రాబాద్‌లో గూడ్స్ బండ్ల దగ్గర బస్తాలు మోస్తున్నవాళ్లు. అల్వాల్‌లో పక్కపక్క గదుల్లో కాపురం. ఆరు నెలలుగా సోమయ్యకు మెడ నుంచి కుడి భుజం దాకా నిప్పులు పోసినట్టు మంట. తిరగ్గా తిరగ్గా ఆపరేషన్‌కు తేదీ దొరికింది, రేపు పొద్దున. ఇది చేజారితే మళ్లీ ఎన్ని నెలలకో చెప్పే నాథుడు లేడు. అనసూయమ్మ కంగారంతా అదే.

ఆ ఆసుపత్రిలో చీటీకి లైను, రక్తానికి లైను, ఎక్స్‌రేకి లైను, ఏ లైను ఎక్కడుందో అడగడానికి ఇంకో లైను. ఏ ఫిల్ము ఎప్పుడు తీశారో సోమయ్యకే లెక్క లేదు. అన్నకు నిలబడే ఓపిక లేదు కాబట్టి అన్నిట్లో తిరుమలే నిలబడ్డాడు. రేషన్ దుకాణంలో అయినా, గ్యాస్ ఆఫీసులో అయినా వాళ్లింట్లో అదే అలవాటు. సోమయ్య అని పిలిస్తే ‘ఆఁ’ అని పలికేది తిరుమలే.

ఇప్పుడు అతను మూడు టీ గ్లాసులతో వచ్చాడు. గుమ్మం దగ్గర ఒకటి జారి భళ్లుమంది.

“మూడు గ్లాసులు పట్టలేవు గని, బస్తాలెట్ల మోస్తున్నవ్‌ర?” అంది అనసూయమ్మ.

“చెయ్యి జారింది వదినా.”

“పో, ఆ గోడకు నిలబడు. ఇంకోటి పలగ్గొడ్తవ్.”

డాక్టర్ కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. రెండు మెడలు, పక్కపక్కన.

“చూడమ్మా. ఇది పడుకోబెట్టి తీసిన ఎమ్మారై. ఎముకల వరస బాగానే ఉంది, ఒక్క చోట డిస్కు నరాన్ని నొక్కుతోంది. ఇంతే అయితే ముందు నుంచి చిన్న ఆపరేషన్ చాలు. ఇదేమో నిన్న నిలబెట్టి తీసిన ఎక్స్‌రే. నిలబడితే తల బరువు మెడ మీద పడుతుంది, అసలు వంకర అప్పుడే బయటపడుతుంది. మెట్లు దిగినట్టు ఎముకలు ఎలా ముందుకు జారాయో చూడండి. దీనికి ముందూ వెనకా రెండు వైపులా కోయాలి. స్క్రూలు, రాడ్లు వెయ్యాలి. మెడ ఇంక అటూ ఇటూ తిరగదు.”

“మెడ తిరగకుంటే బస్తా ఎత్తేదెట్ల మేడమ్?” సోమయ్య మొదటిసారి భయపడ్డాడు.

డాక్టర్ ముందుకు వంగింది. తన చేయి అందించింది. “గట్టిగా నొక్కు.”

నొక్కాడు. ఆవిడ చేయి వెనక్కి లాక్కుంది.

“ఇంత పట్టు ఉండకూడదే! చొక్కా గుండీలు పెట్టుకోగలవా?”

“పెట్టుకుంట మేడమ్.”

“నడుస్తుంటే నీకు తెలియకుండా కాలి చెప్పు జారిపోతోందా?”

“లేదు మేడమ్.”

ఆవిడ తెర వంకా, అతని వంకా రెండుసార్లు చూసింది. “నిన్న ఎక్స్‌రే దగ్గర ఎవరున్నారు?”

“నేనే” అన్నాడు తిరుమల్, గోడ దగ్గర్నుంచి.

“మెడకి పట్టీ లేకుండానే తీశారుగా?”

“ఏం లేకుండనే తీసిండ్రు మేడమ్.”

“అయినా నాకు నచ్చట్లేదు. సోమవారం ఇంకో ఎక్స్‌రే తీద్దాం. ఆపరేషన్ వారం ఆపుదాం.”

అనసూయమ్మ లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

“మళ్ల లైనా? మీ మిషన్ మీద మీకే నమ్మకం లేకుంటే, మా మెడలు దాని ముంగట ఎందుకు పెట్టిచ్చిండ్రు? వారమంటరు, నెలైతది. నెలంటరు, ఏడాదైతది. గీ మనిషి పండక, తినక సస్తుండు. రేపు చేస్తమని రాసిచ్చింది మీరే. రేపే చెయ్యాలె!”

“గట్టిగ అడుగు అక్కా!” గుమ్మంలోంచి ఎవరో అరిచారు. మరో పదిమంది తలలు లోపలికి దూరాయి.

డాక్టర్ కణతలు నొక్కుకుంది. ఎక్స్‌రే మళ్లీ పెద్దది చేసి చూసింది. అందులో సందేహానికి చోటు లేదు. ఎవరు చూసినా ఒకటే మాట చెబుతారు.

“సరే. రేపే. రెండు వైపులా చేస్తాను. ఇక్కడ సంతకం పెట్టండి.”

గెలిచానన్న ఊపులో అనసూయమ్మ పెన్ను అందుకుంది.

“మేడమ్, చెయ్యకుంటే ఏమైతది?” తిరుమల్ గొంతు.

“ఏమవుతుందా? ఈ ఎక్స్‌రేలో ఉన్న మనిషిని నేనైతే మెట్లు కూడా దిగనివ్వను. ముందు వేళ్లలో పట్టు పోతుంది, తర్వాత కాళ్లు. ఒక్కసారి జారిపడ్డా చాలు, మెడ కింద ఇక ఏదీ కదలదు.”

అనసూయమ్మ పేరులో మొదటి అక్షరం రాసింది. ఆమె చేతి కిందనుంచి కాగితం సర్రున లేచిపోయింది. తిరుమల్ లాక్కున్నాడు.

“ఏందిర! పిచ్చి లేసిందా నీకు? గింత కొట్లాడి ఒప్పిస్తే...”

తిరుమల్ ఆమె వంక చూడలేదు. కాగితం రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకుని డాక్టర్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఆ ఫిల్ముల మెడ నాది మేడమ్, నన్ను చేర్చుకోండ్రి.”