వంకర అర

వడ్రంగం పనిలో నలభై ఏళ్లు పండిపోయిన మనిషి, సొంత వంటింటి గోడకు ఒక్క అర తిన్నగా బిగించలేకపోయాడంటే ఆయన భార్య ఎవరితో చెప్పుకోవాలి? మూడుసార్లు ఊడదీయించి మళ్లీ పెట్టించింది. మూడుసార్లూ వంకరే. ఆ సాయంత్రమే ఆయన పనిముట్ల పెట్టె తమ్ముడికి ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఇంట్లో మాటలు కూడా కొలిచి కోసినట్టే.

ఆమె కళ్లజోడు మార్పించుకుందామని వెళితే, కంటి డాక్టరమ్మ గళ్ల కాగితం చూపించింది. "మధ్య చుక్కనే చూస్తూ గీతలెలా ఉన్నాయో చెప్పండి."

"మా ఆయనగానీ గీశాడా ఏమిటి? అన్నీ మెలికలే!"

తోడొచ్చిన భర్త నవ్వలేదు.

"గీతలు తిన్నగానే ఉన్నాయమ్మా. వయసు మీదపడి, కంటి వెనక పొరకు రక్తం అందించే సన్నటి నాళాలు కొన్ని పోయాయి. నడిమి చూపు దెబ్బతింది. అందుకే మీకు వంకరగా కనిపిస్తున్నాయి."

"ఎన్నాళ్ల నుంచి?" అడిగిందామె.

"ఏడాది దాటి ఉంటుంది."

అర బిగించింది ఆర్నెల్ల కిందట.

"అయితే నా చెయ్యి పోలేదా?" అన్నాడు భర్త, తన అరచేతుల్నే అడుగుతున్నట్టు.

ఆమె గిరుక్కున తిరిగింది. ఆయన ముఖం ఉండాల్సిన చోట మసక తప్ప ఏమీ కనిపించలేదు.

"పోలేదండీ. తప్పంతా నాదే," అంది, డాక్టరమ్మకు కూడా వినపడేలా.