ఆది గౌను

"ఎదిగే పిల్లకి పోయినేటి గౌను ఆదిగా తెచ్చావా?" మిషను ఆపి దర్జీ నవ్వింది. "పిల్లనే తీసుకురాకపోయావా?"

"దానికి ఒంట్లో బాగోలేదు, వదినా. దీని కొలతకే కుట్టు," అంది ఎదురింటామె.

ఒళ్లో చంటివాణ్ణి పెట్టుకుని సీరియల్ చూస్తున్న దర్జీ చెల్లెలు మధ్యలో అందుకుంది. "మావాడికైతే కొన్న చొక్కా నెల తిరక్కుండా బిగుతైపోతోందమ్మా!"

దర్జీ గౌను తిరగేసి చూసింది. పిల్ల ఎదుగుతుందంటూ ఎదురింటామె పట్టుబట్టి లోపల వదిలించిన రెండంగుళాల గుడ్డకి వేసిన కుట్టు వేసినట్టే ఉంది.

"అదేంటే, ఏడాదైనా ఈ మడత విప్పలేదా?"

"విప్పే పని పడలేదు. కొత్తదానికి అసలు వదలకు. ఇక ఎదగదన్నాడు డాక్టరు. ఈ ఏడాది గడవడమే కష్టమట."

సీరియల్లో ఎవరో పగలబడి నవ్వారు. చెల్లెలు గబుక్కున టీవీ కట్టేసింది.

దర్జీ కొత్త గుడ్డ పరిచి సుద్దముక్క అందుకుంది. అలవాటైన చెయ్యి రెండంగుళాలు వదిలే గీసింది.

ఎదురింటామె వంగి బొటనవేలితో ఆ గీతను చెరిపేసింది.

"ఇంట్లో అందరూ జబ్బు తగ్గిపోతుందనే అంటున్నారు. నువ్వైనా అబద్ధమాడకు, వదినా."