సొట్ట మాత్రం తీయను

"అన్నీ చేస్తాను లాయరు గారూ. సొట్ట మాత్రం తీయను."

ఎర్సీలియా ఆ మాట అనేసి సైకిలు ఫ్రేమును బల్లమీద పెట్టింది. లాయరు బెల్లోమో తెల్లబోయాడు. మిలాన్ నుంచి రెండున్నర గంటలు కారు నడుపుకుంటూ బస్సానో దాకా వచ్చింది ఈ మాట వినడానికి కాదు.

పాత అల్యూమినియం ఫ్రేములు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. వయసు డెబ్భై. వేళ్ళకు ఎప్పుడూ నల్లటి మెరుగు మసి.

బెల్లోమోకు పాత సైకిళ్ళ పిచ్చి. ఈ ఫ్రేము ఎవరిదో పశువుల కొట్టంలో దొరికింది. వెండిలా మెరవాల్సింది బూడిదరంగుకు తిరిగింది. సీటు కడ్డీ గొట్టంలో బిగుసుకుపోయింది. అతుకుల్లో జిగురు పొడి రాలుతోంది. పై గొట్టం మధ్యలో బొటనవేలు పట్టేంత సొట్ట.

"నాకు అద్దంలా ఉండాలమ్మా. సొట్టతో ప్రదర్శనలో పెడితే నవ్వుతారు."

"ఆ సొట్ట ఎవరిదో తెలుసా మీకు?"

"సొట్టకు కూడా యజమాని ఉంటాడా?"

ఎర్సీలియా ఫ్రేమును తలకిందులు చేసి, అడుగున చెక్కిన రెండక్షరాలు చూపించింది.

"అదెల్మో జోర్జాన్. పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో, సైకిలు పందెంలో గ్రాప్పా కొండ దిగుతూ పడ్డాడు. అరవై కిలోమీటర్ల వేగం. లేచి, రక్తం తుడుచుకుని, ఇదే సైకిలుమీద మూడోవాడిగా వచ్చాడు. పోటీలు మానగానే ఎవరికో ఇచ్చేశాడు, బుద్ధి లేకుండా. ఇప్పుడు మనిషీ లేడు. సొట్ట తీయించాలంటే ఇంకెవరి దగ్గరికైనా పట్టుకెళ్ళండి. మీకు మిగిలేది ఒట్టి గొట్టాలు."

పక్క కొట్టు మంగలి నానే గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "గ్రాప్పా కొండా? అదేంటి ఎర్సీలియా, అది..."

"నానే, నీ కుర్చీలో మనిషి మొహాన నురగ ఎండిపోతోంది. నడువు."

నానే మీసాల్లో నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. లాయరు సొట్టను కొత్త కళ్ళతో చూశాడు. తర్వాత టోపీ తీశాడు.

పని మూడు నెలలు పట్టింది. సీటు కడ్డీ పదకొండు రోజులు నూనె తాగితే గానీ కదల్లేదు. అతుకులను సన్న సెగమీద విడదీసి, పాత జిగురు గీకి, కొత్త జిగురుతో కలిపింది. మిగతా గొట్టాలకు మెరుగు యంత్రం వాడింది. సొట్ట దగ్గర మాత్రం మెత్తటి గుడ్డ, తన వేలు. అంతే.

లాయరు వారం వారం ఫోన్ చేసేవాడు.

"సొట్ట ఎలా ఉందమ్మా?"

"క్షేమంగా ఉంది. మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది."

వసంతంలో పాదువాలో ప్రదర్శన. ఫ్రేము అద్దాల పెట్టెలో తళతళలాడుతోంది. సొట్టమీదికి ప్రత్యేకంగా ఒక దీపం పెట్టించాడు లాయరు. చుట్టూ జనం. అతని నోట్లో అరవై కిలోమీటర్లు తొంభై అయ్యాయి. కాస్త రక్తం రెండు విరిగిన పక్కటెముకలయింది. మూడోవాడు మొదటివాడయ్యాడు.

ఎర్సీలియా వెనకాల గోడకు ఆనుకుని, ద్రాక్షసారా గ్లాసు పట్టుకుని నిలబడింది. ఒక్క మాట కూడా సరిదిద్దలేదు.

"ఈమే బాగుచేసింది!" లాయరు ఆమెను ముందుకు లాక్కొచ్చాడు. "సొట్ట ముట్టుకోనివ్వలేదు! చరిత్ర విలువ తెలిసిన మనిషి!"

జనం చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

"పాపం, అంత దెబ్బకు ప్రాణం పోయేదే కదమ్మా?"

"పోయేదే," అంది ఎర్సీలియా. "గొట్టానికి తగిలింది కాబట్టి బతికిపోయాడు."

నలభై అయిదేళ్ళ కిందట, ఇదే సైకిలు తొక్కుకుంటూ తమ పెళ్ళికి గంటన్నర ఆలస్యంగా వచ్చిన అదెల్మో మీదికి, చర్చి మెట్లమీద తెల్ల గౌనులో నిలబడి ఎర్సీలియా విసిరిన ఇత్తడి కొవ్వొత్తి స్తంభం ఆ ఒక్కసారే గురి తప్పింది.