బొజ్జన్న పాట

"ఆపప్పా ఆ పాట! ముందు ఆపు!"

మహేశ్వరి అరుపుకు ఉలిక్కిపడి ఆటో డ్రైవర్ ఫారూఖ్ ఒకేసారి పాటా ఆపాడు, బండీ ఆపాడు. ఆమె ఒళ్ళో సంచి జారి టమేటాలు కాళ్ళ కింద దొర్లాయి. ఆమె వాటి వైపు చూడనైనా లేదు.

"ఏమైందక్కా? ఏసన్న హిట్స్ కదా. ముప్పై ఏండ్లలో ఆయప్ప పాడిన మంచి పాటలన్నీ ఏరి ఒక పెన్‌డ్రైవ్‌లో ఏసినారు. కమలాపురంలో ఏ ఆటో ఎక్కినా ఇదే మోగుతాండాది."

"అది నా మొగుని పాటప్పా."

పోయిన ఏడు బొజ్జన్న చనిపోతే, దివసాల నాడు ఏసన్న కట్టి పాడిన పాట అది. పోయినవాళ్ళ మీద పాట కట్టడంలో ఆ చుట్టుపక్కల ఏసన్నను మించినవాడు లేడు. పల్లవిలో ఇల్లాలి పేరు, ఆఖరి చరణంలో పోయినవాడి పేరు పెట్టడం ఆయన పద్ధతి. "వాకిట్లో దీపమెట్టి నీ మహేశ్వరి కూసున్నాది, నీ లారీ హారను యాడా ఇనపడదే" అని ఆయన ఎత్తుకుంటే ఆ రోజు మగవాళ్ళు కూడా కండువాలు కళ్ళకు అద్దుకున్నారు. ఆ పాట ఫోనులో పెట్టుకుని వినందే మహేశ్వరికి ముద్ద దిగదు. బండల లారీ మీద నెలలో సగం రోజులు ఊళ్ళు పట్టుకు తిరిగిన మనిషి, ఆ పాటలో మాత్రం ఇంటిపట్టున ఉన్నట్టు అనిపిస్తుంది ఆమెకు.

ఇప్పుడు ఆటోలో మోగింది ఆ పాటే. అదే వాకిలి, అదే దీపం, అదే లారీ హారను. దీపం పెట్టి కూర్చున్నది మాత్రం ఎవరో హులిగెమ్మ. ఇంకొక్క ముక్క వినడానికి ఆమెకు మనసొప్పలేదు.

"బండి ఏసన్న ఇంటికి తిప్పు," అంది.

ఏసన్న పందిట్లో కూర్చుని డోలక్ తాళ్ళు బిగిస్తున్నాడు. మొన్న పాటల పండగలో ఆయనకు కప్పిన శాలువా తీగ మీద ఆరుతోంది. పక్కన ఆయన భార్య రాహేలమ్మ చింతపండులో గింజలు తీస్తోంది.

"కూసోమ్మా మహేశ్వరమ్మా, ఎండన పడి వచ్చినావు."

"కూసోనీకి రాలేదు. 'ఇది బొజ్జన్న పాట. ఇంగో సావుకు పాడితే నా గొంతు పడిపోనీ' అన్నావు. అన్నావా లేదా?"

ఏసన్న చేతిలో తాడు ఆగిపోయింది. "అన్నాను."

"మరి ఆ హులిగెమ్మ ఎవురు?"

ఆయన రాహేలమ్మ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని గింజలు తీస్తూనే ఉంది.

"ఆదోని పక్క మనిషమ్మా. ఈడికి వచ్చి కూలబడి ఏడ్సింది. కాదనలేకపోయినా. పెన్‌డ్రైవ్ చేసినోళ్ళు దాన్ని ఏస్తారనుకోలేదు. తప్పు నాదే. ఎన్ని తిడతావో తిట్టు."

అంత సులువుగా ఒప్పుకునేసరికి మహేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. పోట్లాడితే కొంత ఊరటగా ఉండేది. ఏడాదిగా గుండెలో పెట్టుకుని కాపాడుకున్నది అడిగినవాళ్ళకల్లా ఇచ్చే సరుకని తేలిపోయింది. నమ్మించి గొంతు కోశాడు.

"లారీ హారను మాట గూడా మార్సలేదే! ఆ సచ్చినోడు గూడా లారీ డ్రైవరేనా?"

"ఊఁ... డ్రైవరేనమ్మా."

"బాగా కుదిరింది నీకు!" ఆమె నవ్వబోయింది, ఏడుపొచ్చింది. "కొత్తగా నాలుగు మాటలు కట్టనీకి ఒళ్ళు వంగలేదా? ఆ పొద్దు మా ఇంటి ముందర కార్సిన కన్నీళ్ళన్నీ దొంగవేనా?"

"కాదమ్మా. బొజ్జన్న నాకు శానా కావల్సినోడు. ఆ కన్నీళ్ళు నిజమే."

రాహేలమ్మ లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మహేశ్వరి గటగటా తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, చెంబు ఠక్కున కింద పెట్టింది.

"సరే. ఆయమ్మ ఊరేదో చెప్పు. ఇప్పుడే బస్సెక్కుతా. నువ్వు ఇని ఏడుస్తాండేది నా మొగుని పాట, నీ మొగునిది కాదని మొగం మీదనే చెప్పొస్తా."

ఏసన్న గభాలున లేచాడు. డోలక్ దొర్లి పందిరి గుంజకు తగిలింది.

"వద్దమ్మా! యాడికీ పోవద్దు. ఆ పాట తీసేపిస్తా. ఇంగ ఈ జన్మలో పాడను. నీ కాళ్ళు మొక్కుతా."

"ఎందుకు పోకూడదు? నీ బండారం బయటపడుతుందనా?"

ఏసన్న దొర్లిన డోలక్‌ను తీసి గుంజకు ఆనించాడు.

"ఎంతసేపని మోస్తావయ్యా ఆ నింద?" అంది రాహేలమ్మ. "చెప్పేయ్."

"ఏం చెప్తాడు? ఇచ్చిన మాట తప్పి, పేర్లు మార్సి, ఒకే పాట ఊరందరికీ అంటగట్టినానని చెప్తాడు!" అని అరిచింది మహేశ్వరి.

"మాట తప్పలేదమ్మా, ఇంగో సావుకు పాడలేదు," అన్నాడు ఏసన్న నేల చూస్తూ. "మార్సింది ఇల్లాలి పేరొక్కటే. పోయినోని పేరు మార్సే పని పడలేదు."