అరడుగు పెరిగిన దిబ్బ

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఆ ఆఫీసరు వెళ్లేదాకా వంటింట్లోంచి కదలకు," అన్నాడు ఎల్వెడ్.

మార్గెడ్‌కి డెబ్బై ఏడేళ్లు. బుద్ధెరిగాక ఒక్క అబద్ధం ఆడలేదు. చర్చిలో అందరూ ఆ గుణాన్ని మెచ్చుకుంటారు. ఇంట్లోవాళ్లకే హడల్.

తొమ్మిది వందల ఏళ్ల కిందట దండెత్తి వచ్చిన నార్మన్లు పోసిన కోటదిబ్బలంటే వేల్స్‌లో ఆషామాషీ కాదు. గడ్డపార తగిలితే సర్కారు కేసే. పక్క ఊరి ఈవర్ తన దిబ్బలో ఒక్క కంచె గుంజ పాతి, రెండేళ్లు కోర్టు మెట్లెక్కాడు. రికార్డు ప్రకారం ఎల్వెడ్ పొలంలోనూ ఒకటుంది. ఇవాళ తనిఖీలో గుప్పెడు మట్టి తేడా వచ్చినా ఎల్వెడ్‌కీ అదే గతి.

తనిఖీ ఆఫీసరు పెల్లమ్ దొర టేపు పట్టుకుని దిగాడు. కొట్టం వెనక పచ్చగా నిగనిగలాడుతున్న దిబ్బను కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"రికార్డులో పన్నెండడుగులు. ఇక్కడ పన్నెండున్నర!"

ఎల్వెడ్ గబుక్కున వంటింటి వైపు చూశాడు.

"పెరుగుతుంది బాబూ." టీ కప్పుతో వెనకే నిలబడి ఉంది మార్గెడ్.

దొర నవ్వాడు. "దిబ్బలు పెరగవమ్మా. వెనకటివాళ్లు తప్పు కొలిచారు."

"దీనిమీద మంచు కూడా నిలవదు."

"నార్మన్ల మట్టిపని అలాంటిది మరి!" అదీ రాసుకున్నాడు. అంత చదువుకున్నవాడికి చెప్పడం ఎవరి తరం?

"అమ్మా, పొయ్యిమీద ఏదో మాడుతున్నట్టుంది," అన్నాడు ఎల్వెడ్.

"పొయ్యి ఆర్పే వచ్చాను లేరా."

"ఇదంతా ఎవరి కష్టమో మీ పెద్దవాళ్లేమైనా చెప్పేవారా?" అడిగాడు దొర.

"ఒకరు చెప్పాలా, నాకు తెలీదూ? నోరులేనివాళ్లు బాబూ. పెట్టింది తిన్నారు. తమ దగ్గరున్నదంతా ఇక్కడే ధారపోశారు. మెచ్చుకున్న నాథుడు లేడు."

కొరడా దెబ్బలు తింటూ తట్టలు మోసిన వేల్స్ కూలీలు దొర కళ్లముందు కదిలారు. టోపీ తీసి, ఒక నిమిషం తలవంచుకుని నిలబడ్డాడు. 'దిబ్బ చెక్కుచెదరలేదు' అని రాసి, సంతకం గీకి, కారెక్కాడు.

ఎల్వెడ్ గోడకి జారగిలబడ్డాడు. "బతికించావే అమ్మా!"

"నేనేం చేశాన్రా? అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాను."

అసలు కోటదిబ్బను ఆవిడ మొగుడు ముప్పై ఏళ్ల కిందటే ట్రాక్టరుతో చదును చేసి బంగాళాదుంపలు వేసేశాడు. దొరగారు టోపీ తీసింది వాళ్ల ఆవుల పెంటదిబ్బకి.