ఈశాన్యపు గాలి

పేరమ్మ హారతి పళ్ళెంతో, ప్రసాద్ కారు తలుపు తీసి పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె మొగుడు చిన్నపోలయ్య మాత్రం ఎక్కలేదు.

“దీని పేరేందిరా?” అని కొడుకునడిగాడు. పేరు పెట్టని పడవను వాళ్ళ జాలర్ల ఊరు జువ్వలదిన్నెలో ఎవరూ నీళ్ళలోకి తొయ్యరు.

“గ్రెకాలే, నాయనా. ఇటలీ కారు. వాళ్ళ సముద్రం మీద ఈశాన్యం నుంచి వీచే గాలి పేరు పెట్టినారు,” అన్నాడు ప్రసాద్ గొప్పగా. రొయ్యల ఎగుమతి కలిసొచ్చి కొన్న కారు అది.

చిన్నపోలయ్య గబుక్కున వెనక్కి జరిగాడు. “ఈశాన్యపు గాలా! అది లేస్తే మనం ఒడ్డున్నించి కాలు కదపం. నేనెక్కను పో!”

ప్రసాద్ మొహం వాడిపోయింది. పేరమ్మ మాత్రం ఫక్కున నవ్వింది.

“మర్చిపోయినావా అయ్యా? వీడి అక్కలు పుట్టినప్పుడల్లా నువ్వు వేటలో ఉంటివి. వీడు పుట్టిననాడు ఆ గాలి లేచిందనే గదా ఇంటికాడ ఉన్నావు! మంత్రసాని చేతిలోంచి వీణ్ణి ముందు ఎత్తుకునింది నువ్వే గదా!”

ముసలాయన కారును చూశాడు, కొడుకును చూశాడు. చెప్పులు బయటే విడిచి ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

ప్రసాద్ ఏసీ వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

“అద్దం దించు అబ్బయా. గాలి రానీ.”